కట్టుబడిన చలనము: దలాంబేర్ జీవితము

1717వ సంవత్సరము నవంబరు 16వ తేదీని పారిస్ నగరమున, నోత్రదాం మహాదేవాలయపు ప్రక్కనున్న సాన్ ఝాన్ లె రోన్ అను చిన్న ప్రార్థనామందిరపు మెట్లపై అప్పుడే పుట్టిన మగశిశువొకడు దొరకెను. విడిచిపోయిన వారెవరో చూచినవారికి తెలియలేదు. బిడ్డను అనాథశిశువుల శరణాలయమునకు చేర్చిరి. ఏ మందిరపు మెట్లపై దొరకెనో ఆ మందిరము పేరే బిడ్డకును పెట్టిరి: ఝాన్ లె రోన్. దలాంబేర్ అను పేరు అతడు పెరిగి కళాశాలలో చదువుకొను నాళ్లలో తనకు తానే పెట్టుకొన్నది. నేటి భౌతికశాస్త్ర పాఠ్యగ్రంథములలో డి-అలెంబర్ట్ నియమమని విద్యార్థులు వల్లించు సూత్రమునకు కర్త ఇతడే.

కన్నతల్లి మదాం ద టెన్సిన్. సన్న్యాసినీ మఠము విడిచి వచ్చి, పారిస్‌లో విద్వద్గోష్ఠులు నడపి పేరు గడించిన స్త్రీ. తండ్రి దెతూష్ ఫిరంగిదళమున అధికారి. బిడ్డ పుట్టిన సమయమున అతడు దేశమున లేడు. తిరిగి వచ్చిన పిదప వెదకించి, శిశువును తెప్పించి, కిటికీలకు గాజుపలకలు బిగించి జీవించు నొక పనివాని భార్యకు పెంపునకిచ్చెను. ఆమె పేరు మదాం రూసో. (ప్రసిద్ధ తత్త్వవేత్తయగు రూసోకును ఈమెకును ఎట్టి బంధుత్వమును లేదు.) తండ్రి బహిరంగముగా బిడ్డను తనవాడని చెప్పుకొనలేదు గాని, 1726లో చనిపోవునప్పుడు ఏటేట 1200 లీవ్రులు వచ్చునట్లు ఏర్పాటు చేసిపోయెను. ఆ స్వల్పమైన రాబడియే దలాంబేరును జీవితాంతము ఇతరుల ముంగిట చేయి చాపనీయలేదు.

మజరేన్ స్థాపించిన నాలుగు జాతుల కళాశాలలో చదువు సాగెను. అచటి గురువులు బాలుని తెలివిని చూచి, మతశాస్త్రమున తమ పక్షమునకు గొప్ప వాదకుడు దొరకెనని సంతోషించిరి. వారి యాశ ఫలింపలేదు. 1738లో న్యాయశాస్త్రమున పట్టము పొందెను; న్యాయవాదవృత్తి చేపట్టలేదు. తరువాత వైద్యము చదువ బూనెను. గణితము మనస్సును లాగుచుండుటచే, గణితగ్రంథములన్నియు కట్టకట్టి స్నేహితుని యింట దాచెనట. ఒక సందేహము తీర్చుకొనుటకు ఒక పుస్తకము, మరియొక సందేహమునకు మరియొకటి, ఇట్లు కొలదినాళ్లలోనే కట్టయంతయు తిరిగి ఇల్లు చేరెను. వైద్యము ఆగిపోయెను. గణితమున అతనికి గురువులు దాదాపు లేరు. చదివి, తానే సాధించి, తన కంటె ముందే ఒకరు సాధించియుండిరని పిమ్మట తెలిసికొని చిన్నబోవుట అతనికి ఆ రోజులలో అలవాటు.

1739లో శాస్త్ర పరిషత్తునకు తొలి వ్యాసము పంపెను. పలువురు ప్రామాణికముగా చదువుకొను రేనో గణితగ్రంథమున దోషములు చూపిన వ్యాసమది. 1741లో, ఇరువదినాలుగవ యేడు నిండకయే, పరిషత్తులో చిన్న స్థానము లభించెను. రెండు సంవత్సరములు గడచిన పిమ్మట 1743లో గతిశాస్త్రముపై వ్రాసిన గ్రంథము వెలువడెను. అతని పేరు నిలిపినది ఆ గ్రంథమే.

న్యూటన్ మహాగ్రంథము 1687లో వెలువడి అప్పటికి అర్ధశతాబ్దము దాటినది. స్వేచ్ఛగా కదలు వస్తువు సంగతి అందు తేటపడినది: బలము తెలిసినచో త్వరణము తెలియును. కాని లోకములోని వస్తువులన్నియు స్వేచ్ఛగా కదలవు. మన పల్లెలలో చేదబావి గిలకపై త్రాడు వేసి రెండు కొనలకు రెండు బొక్కెనలు కట్టినచో, బరువైనది దిగును, తేలికయైనది ఎక్కును. తేలికయైన బొక్కెనకు స్వతహాగా నున్న ప్రవృత్తి క్రిందపడుటయే. అయినను అది పైకి పోవుచున్నది. త్రాడు దానిని లాగుచున్నది. ఎంత బలముతో లాగుచున్నది? బొక్కెనలు ఎంత త్వరణముతో కదలుచున్నవో తెలిసిన గాని త్రాటి బిగువు తెలియదు; త్రాటి బిగువు తెలిసిన గాని త్వరణము తెలియదు. పెండ్లి అయిన గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరిన గాని పెండ్లి కాదన్నట్లున్నది వ్యవహారము.

ఇట్టి సమస్యలను దలాంబేర్‌కు ముందు ఎవరును సాధింపలేదని కాదు. హైగెన్స్ 1673లో గడియారముల గ్రంథమున సంయుక్త లోలకమును సాధించెను. ఒకే కడ్డీకి కొన్ని కణములు గ్రుచ్చి ఊగనిచ్చినచో నేమగును? పైనున్న కణము ఒంటరిగా నున్నచో త్వరగా ఊగును. క్రిందిది మెల్లగా ఊగును. ఒకే కడ్డీకి కట్టుబడినందున పైది క్రిందిదానిని తొందరపెట్టును, క్రిందిది పైదానిని వెనుకకు లాగును. ఉభయులును రాజీపడి ఒకే వేళకు ఊగుదురు. ఆ రాజీని యాకబ్ బెర్నూలీ తులాదండముతో పోల్చి చూచెను: పైకణము పోగొట్టుకొన్నదియు క్రిందికణము అదనముగా పొందినదియు ఆధారబిందువు చుట్టు సరితూగవలెనని అతడు గ్రహించెను. చక్కని యూహ. కాని అది లోలకము వరకే నిలిచినది. నాటి గణితవేత్తలు ఒకరికొకరు ఇట్టి చిక్కు లెక్కలను సవాలుగా విసరుకొనుచుండెడివారు. ఒక్కొక్క లెక్కకు ఒక్కొక్క యుపాయము. ఒక లెక్కకు పనికివచ్చిన యుపాయము వేరొకదానికి పనికిరాదు.

దలాంబేర్ చేసినది ఇది. కట్టుబడిన ప్రతి వస్తువునకును, బంధమే లేనిచో కలుగవలసిన చలన మొకటి యున్నది. వాస్తవముగా కలిగిన చలనము వేరొకటి. మొదటిదానినుండి రెండవదానిని తీసివేసిన యెడల మిగులునది బంధము కారణముగా నష్టమైన చలనము. ఇట్లు వ్యవస్థలోని వస్తువులన్నిటి నష్టచలనములను లెక్కించి, ఆ చలనములు మాత్రమే వస్తువులకు కలిగించినచో వ్యవస్థ కదలక నిలువవలెను. అనగా నష్టచలనములు బంధముల ద్వారా ఒకదానితో నొకటి సరితూగి శాంతించును. గతిశాస్త్ర సమస్య స్థితిశాస్త్ర సమస్యగా మారినది. త్రాసు తూచుట ఆర్కిమెడీస్ నాటినుండియు తెలిసిన విద్యయే గదా.

వినుటకు ఇది వేదాంతమువలె నుండును గాని, పాఠశాల లెక్కపై పెట్టి చూచినచో తెల్లమగును. తేలికైనదియు ఒరిపిడి లేనిదియునగు కప్పీపై సాగని త్రాడు వేసి, ఒక కొనకు 3 కిలోగ్రాములు, మరియొక కొనకు 2 కిలోగ్రాములు కట్టినారనుకొనవలెను. గురుత్వ త్వరణము గ్రా. త్రాడు సాగదు గనుక ఒకటి ఎంత దిగునో రెండవది అంతయే ఎక్కును. రెంటి త్వరణమును ఒకటే, దానిని అ యనవలెను. బంధము లేనిచో 3 కిలోల వస్తువు గ్రా త్వరణముతో దిగవలసినది. అ తోడనే దిగుచున్నది. నష్టము గ్రా నుండి అ తీసివేయగా మిగిలినది. మొత్తము 3(గ్రా − అ). రెండవ వస్తువును గ్రా తోడనే దిగవలసినది. దిగకపోగా అ తో పైకెక్కినది. దాని నష్టము 2(గ్రా + అ). ఈ రెండును కప్పీకి ఇరువైపుల త్రాసు సిబ్బెలవలె తూగవలెను. 3గ్రా − 3అ = 2గ్రా + 2అ; కావున 5అ = గ్రా. త్వరణము గురుత్వ త్వరణములో అయిదవ వంతు, సెకనుకు సెకనుకు 1.96 మీటర్లు.

ఇప్పుడు నష్టములను విడివిడిగా గణించినచో, మొదటి వైపు 3 × 4/5 = 12/5; రెండవ వైపు 2 × 6/5 = 12/5. ఆ 12/5 ని 9.8 తో గుణింపగా 23.52 న్యూటన్లు వచ్చును. పాఠ్యగ్రంథములు తన్యత యని చెప్పు త్రాటి బిగువు ఇదియే. మొదట తెలియక చిక్కు పెట్టిన త్రాటి బిగువు, లెక్క ముగిసిన పిమ్మట అడుగకయే చేతికి వచ్చినది. విద్యార్థులు పలువురు తన్యతయనగా వ్రేలాడు వస్తువు బరువేనని వ్రాయుదురు. 3 కిలోల బరువు 29.4 న్యూటన్లు, 2 కిలోల బరువు 19.6. తన్యత ఈ రెంటి నడుమ నుండవలెను. అది 29.4 అయినచో పెద్ద వస్తువు దిగుటకు కారణమే యుండదు, 19.6 అయినచో చిన్న వస్తువు ఎక్కుటకు కారణముండదు.

బంధము మారినచో త్రాసు కూడ మారును. కదలు కప్పీ గల లెక్కలలో దోషములు ఎక్కువగా దొరలుట ఇందుచేతనే. త్రాటి ఒక కొనను పైకప్పునకు కట్టి, దానిని ఒక కదలు కప్పీ క్రిందుగా త్రిప్పి, తిరిగి స్థిరమైన కప్పీపైగా వేసి రెండవ కొనను వ్రేలాడదీసినారనుకొనవలెను. కదలు కప్పీకి 6 కిలోలు, వ్రేలాడు కొనకు 2 కిలోలు. కదలు కప్పీ ఒక మీటరు దిగినచో దానికి ఇరువైపుల త్రాడును ఒక్కొక్క మీటరు పొడుగగును. ఆ రెండు మీటర్లును వ్రేలాడు కొననుండి రావలెను. కనుక చిన్న వస్తువు త్వరణము పెద్దదానికి రెట్టింపు. బలముల మాట ఎత్తక ముందే వ్రాసికొనవలసిన సంగతి ఇది. ఇది కేవలము త్రాటి పొడవు లెక్క. రెట్టింపు దూరము కదలువానికి త్రాసులోను రెట్టింపు విలువ: 6(గ్రా − అ) = 2 × 2(గ్రా + 2అ). ఇందుండి 14అ = 2గ్రా; త్వరణము గ్రాలో ఏడవ వంతు, 1.4 మీటర్లు. చిన్న వస్తువు దానికి రెట్టింపు, 2.8. త్రాటి బిగువు 25.2 న్యూటన్లు. త్రాటి పొడవు లెక్క సరిగా వ్రాసినవానికి తక్కినది కూడికలు తీసివేతలే. అది తప్పినవానిని ఏ నియమమును కాపాడలేదు.

దలాంబేర్ బలమనుమాటను నమ్మలేదన్నది పాఠ్యగ్రంథములు చెప్పని విశేషము. చలనము కంటికి కనబడును, కొలతకు లొంగును. చలనమునకు కారణమని చెప్పు బలము ఎవరికిని కనబడదు, అది తత్త్వవేత్తల చీకటికొట్టులోని వస్తువని అతని యభిప్రాయము. అందుచేతనే అతడు నష్టమైన బలమనక నష్టమైన చలనమనెను. నేడు తరగతిలో బలమునుండి ద్రవ్యరాశి త్వరణముల లబ్ధమును తీసివేసి సున్నకు సమముగా వ్రాసి అతని పేరు పెట్టుదురు. అది తరువాతివారు దిద్దిన రూపము. కర్త చూచినచో దానిని తనదని ఒప్పుకొనుటకు కొంత తటపటాయించును. మరియు ఈ గ్రంథము చదువుట సులభము కాదు. సమవయస్కుడును పోటీదారుడునగు క్లేరో ఇట్టి విషయములపైననే పనిచేయుచుండుటచే దలాంబేర్ తొందరపడెను. ఆ తొందర పుటపుటను కనబడును. ఊహ యెంత నిర్మలమో వాక్యము అంత చిక్కు.

ఆ పిదపటి పది సంవత్సరములు అతని గణితజీవితమున పంటకాలము. 1744లో ద్రవముల గతిపై గ్రంథము. 1746లో గాలులపై వ్రాసిన వ్యాసమునకు బెర్లిన్ పరిషత్తు బహుమానము. 1747లో కంపించు తీగకు సమీకరణము. 1749లో విషువచ్చలనముపై గ్రంథము. తీగ సంగతియు వెనుకటి త్రాటి సంగతికి దూరము కాదు. లెక్కలేనన్ని కణములు ఒకదానికొకటి కట్టుబడి యుండుటయే తీగ యనగా. ఇంతటివానికిని పొరపాటు కలుగకపోలేదు. నాణెమును రెండుమారు లెగురవేసినచో ఒకమారైనను బొమ్మ పడుటకు సంభావ్యత నాలుగింట మూడు వంతులు గాక మూడింట రెండు వంతులని విజ్ఞాన సర్వస్వమున వ్రాసి, ఎవరెన్ని చెప్పినను దిద్దుకొనలేదు. ఉపాధ్యాయులు తరగతిలో దీనిని చెప్పినచో భయపడు పిల్లలకు కొంత ధైర్యము కలుగును.

ఆ విజ్ఞాన సర్వస్వమునకు దిదరోతో కలిసి దలాంబేర్ సంపాదకుడు. 1751లో తొలి సంపుటము వెలువడెను. దానికి అతడు వ్రాసిన ఉపోద్ఘాతము మానవ విజ్ఞానమంతటిని ఒక వృక్షముగా చూపిన రచన. దానితో గణితవేత్త కాస్తా సాహితీపరుడుగా ప్రసిద్ధుడయ్యెను. 1754లో ఫ్రెంచి అకాడమీ సభ్యత్వము లభించెను. 1757 నాటి ఏడవ సంపుటమున జెనీవా నగరముపై వ్రాసిన వ్యాసము పెద్ద కలహమునకు కారణమయ్యెను. జెనీవా మతాచార్యులు ఆగ్రహించిరి; అచట నాటకశాల యుండవలెనన్నందుకు తత్త్వవేత్త రూసో 1758లో దీర్ఘలేఖ ప్రకటించి ఖండించెను. దలాంబేర్ విసిగి సంపాదకత్వము వదలుకొనెను. 1759లో ప్రభుత్వము గ్రంథముపై అనుమతిని రద్దు చేసెను. దిదరో ఒంటరిగా భారము మోసెను. ఈ విషయమున దలాంబేరును వెనుకంజ వేసినవాడని నిందించినవారున్నారు. ఆ నింద పూర్తిగా అన్యాయమని చెప్పుటకు వీలులేదు. గణిత వ్యాసములు మాత్రము అతడు వ్రాయుచునే యుండెను.

రాజుల పిలుపుల విషయమున అతని పట్టుదల వేరు. విద్వాంసులు ధనికుల ఇండ్ల చుట్టు తిరుగరాదనియు, స్వేచ్ఛను, సత్యమును, పేదరికమును ప్రేమింపవలెననియు 1753లోనే ఒక వ్యాసమున వ్రాసియుండెను. 1762లో రష్యా రాణి కేథరిన్ తన కుమారునికి చదువు చెప్పుమని అపారమైన వేతనముతో పిలిపించెను, పోలేదు. ప్రష్యా రాజు ఫ్రెడరిక్ బెర్లిన్ పరిషత్తునకు అధ్యక్షుడవు కమ్మని పలుమారులు అడిగెను. 1763లో కొన్ని నెలలు అతిథిగా వెళ్లి గౌరవములందుకొని, పదవిని మాత్రము సున్నితముగా త్రోసిపుచ్చి తిరిగి వచ్చెను. 1766లో ఆయిలర్ బెర్లిన్ విడిచి పీటర్స్‌బర్గునకు పోయినప్పుడు, ఆ స్థానమునకు ట్యూరిన్ నగర యువకుడగు లగ్రాంజ్ తగినవాడని రాజునకు వ్రాసి ఒప్పించినవాడు దలాంబేర్. ఈ సిఫారసు విలువ తరువాత తెలియగలదు.

ఇన్ని కొలువులు కాదన్నవాడు ఆ గాజుపలకల పనివాని యింట, పెంపుడుతల్లి చెంత, నలువదియేండ్లకు పైగా నివసించెను. గాలి వెలుతురు సరిగా లేని చిన్న గది. యూరపు రాజధానుల నుండి లేఖలు ఆ గదికే వచ్చుచుండెడివి. బిడ్డ చేయు పని యేమో ఆమెకు బోధపడలేదు. చచ్చిన తరువాత నలుగురు చెప్పుకొందురని బ్రతికినన్నాళ్లు తన్ను తాను బాధించుకొనువాడే తత్త్వవేత్తయని ఆమె విసుగుకొనెడిదట. కొడుకు పేరు మారుమ్రోగిన పిమ్మట కన్నతల్లి కబురంపెననియు, తన తల్లి గాజుపనివాని భార్యయేయని అతడు బదులిచ్చెననియు ఒక కథ ప్రచారమున నున్నది. కథ నిజమైనను కాకున్నను, అతడు ఏ ఇంట ఉండెనన్నది మాత్రము నిజము.

1765లో ప్రాణాపాయకరమైన జబ్బు చేసెను. ఆ గది ఆరోగ్యమునకు పనికిరాదని వైద్యులు పట్టుబట్టిరి. జూలీ ద లెస్పినాస్ అను విదుషి అతనికి పరిచర్యలు చేసెను. కోలుకొన్న పిమ్మట ఆమె యున్న ఇంటనే వేరు భాగమునకు మారెను. ఆమెయు తనవలెనే లోకము ఒప్పుకొనని పుట్టుక గలది. ఆమె గోష్ఠికి దలాంబేర్ ప్రాణము. అతనికి ఆమెయే సర్వము. 1776లో ఆమె మరణించినది. ఆమె కాగితములు సర్దు బాధ్యత అతనిపైననే పడెను. వానిని విప్పి చూడగా, ఆ యేండ్లలో ఆమె మనస్సు ఇతరులపై నుండెనని లేఖలు సాక్ష్యమిచ్చెను. అటుపిమ్మట అతడు అకాడమీ శాశ్వత కార్యదర్శిగా లూవ్ర్ భవనమున లభించిన గదులకు మారి, 1772లో చేపట్టిన ఆ పదవి ధర్మము ననుసరించి గతించిన సభ్యుల జీవితములు వ్రాయుచు శేషకాలము గడపెను. గణితమున క్రొత్తపని చేయు శక్తి సన్నగిల్లెను.

1783 అక్టోబరు 29న మూత్రాశయ వ్యాధితో దలాంబేర్ చనిపోయెను. ఆయిలర్ మరణించి అప్పటికి ఆరువారములు. మతవిశ్వాసము లేనివాడన్న కారణమున అతని సమాధిపై పేరు చెక్కలేదు.

మరుసటి సంవత్సరము, 1784లో, ఇంగ్లండున జార్జి అట్వుడ్ కప్పీపై రెండు బరువులు కట్టి త్వరణమును కొలుచు యంత్రమును తన గ్రంథమున వర్ణించెను. నేటికిని ప్రయోగశాలలలో ఆ యంత్రము అతని పేరనే యున్నది. 1788లో పారిస్ నగరమున లగ్రాంజ్ గ్రంథము వెలువడెను. బెర్లినులో కూర్చుండి అతడు దలాంబేర్ నియమమునకు కల్పిత స్థానభ్రంశముల సూత్రమును జతచేసి, త్రాటి బిగువు, బల్ల ఒత్తిడి మొదలైన బంధబలములు లెక్కలో మొదటినుండియు కనబడకుండునట్లు గతిశాస్త్రమునంతటిని పునర్నిర్మించెను. ఆ గ్రంథమున ఒక్క పటము లేదు. కప్పీ లేదు, త్రాడు లేదు, బొక్కెన లేదు. సమీకరణములు మాత్రమే యున్నవి.